ఈ డ్రాయింగుకి ఎన్ని ఫోన్లు?

మా బ్యాచ్‌కి ఏ ఆఫీసు పడిందో తెలిసిన రోజు నేనూ నా రూమ్మేటూ మెస్సులో కూర్చుని మా సార్‌ని తనివితీరా తిట్టుకున్నాం. మాది బీఆర్క్ నాలుగో సంవత్సరం. తర్వాతి సెమిస్టరంతా ఏదో ఒక ఆఫీసులో ప్రాక్టికల్ ట్రైనింగ్ చెయ్యాలి. ఆలోపు ఆర్కిటెక్టు ఆఫీసంటే ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూసి రమ్మని, క్లాసులో నలభై మందినీ ఎనిమిదేసి మంది చొప్పున విడగొట్టి తలా ఒక చోటికి పంపారు. ఒక బ్యాచ్‌కి హైదరాబాద్‌లో అద్దాల బిల్డింగులో ఉన్న పెద్ద ఫర్మ్ తగిలింది. మాకేమో విజయవాడ మొగల్రాజపురంలో ఏడుగురు పనిచేసే చిన్న ఆఫీసు. ఇళ్ళు, నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు, ఒక కల్యాణ మండపం, ఒక స్కూలు. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికితే పేజీ కూడా లేదు.

"అమరావతి అసెంబ్లీకి లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ అంతటి ఆర్కిటెక్టు ఆఫీసు బొమ్మలు గీస్తోంది. ఆ పక్కనే చదువుకుంటున్న మనం రెండొందల గజాల ఇళ్ళు చూడ్డానికి పోతున్నాం" అంది నా రూమ్మేట్. నాకూ అలాగే అనిపించింది, కాదనను.

2025 ఫిబ్రవరి చివర్లో ఒక రోజు పొద్దున్నే గుంటూరులో బస్సెక్కాం. మంగళగిరి దాటి కృష్ణ మీది వారధికి వచ్చేసరికి ఎడమవైపు బ్యారేజీ, దాని వెనక ఇంద్రకీలాద్రి, నీళ్ళ మీద ఇంకా కాస్త మంచు. బస్టాండులో దిగి ఆటోల్లో మొగల్రాజపురం చేరేసరికి తొమ్మిదిన్నర. ఆఫీసు పదింటికి. ఎదురుగా ఉన్న బండి దగ్గర ఇడ్లీ తింటూ, ఆఫీసు మీద మాకున్న అభిప్రాయాలన్నీ గట్టిగానే మాట్లాడుకున్నాం. పక్కన నిలబడి పెసరట్టు తింటున్నాయన ఆ ఆఫీసులోనే డ్రాఫ్ట్స్‌మన్ అని లోపలికెళ్ళాక తెలిసింది. పాపం, రోజంతా ఒక్క మాటా బయటపెట్టలేదు.

పాత డాబా ఇంట్లో మొదటి అంతస్తు ఆ ఆఫీసు. హాల్లో ఐదు కంప్యూటర్లు, మూలన పెద్ద షీట్లు ప్రింటు తీసే ప్లాటర్, పీవీసీ పైపు ముక్కల్లో నిలబెట్టిన డ్రాయింగు చుట్టలు. మోడల్స్ ఉంటాయనుకున్నాం, ఒక్కటీ లేదు. వాటి బదులు గోడ పొడుగునా అరల్లో కడప రాయి, బేతంచర్ల బండ, టైల్సు, కిటికీ ఫ్రేము ముక్కలు, నాలుగైదు రకాల తలుపు గడియలు. ఒక అరలో జానెడు ఇనప రాడ్డు, పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉంది. దానికి దారంతో ఒక చీటీ కట్టారు: "కవర్ లేదు, 9 ఏళ్ళు." రాడ్డు చుట్టూ ఉండాల్సినంత మందాన కాంక్రీటు లేకపోతే తొమ్మిదేళ్ళకే ఇనుము ఇలా అవుతుందని అర్థం. కాంక్రీటు కవర్ గురించి మూడు సెమిస్టర్లు చదివాను. పిల్లర్లకి 40 మిల్లీమీటర్లు, బీములకి 25, శ్లాబుకి 20 అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రాడ్డు చేతిలోకి తీసుకుంటే అరచేతికి పొడి అంటింది.

ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు మేడం అప్పటికింకా రాలేదు. పదకొండు దాటాక వచ్చారు. యాభై పైబడి ఉంటాయి. కాటన్ చీర, కాళ్ళకి బూట్లు, బూట్ల నిండా మట్టి. మా పరిచయాలేమీ అడక్కుండా "ఎవరి దగ్గరైనా సొంత డ్రాయింగు ఉందా?" అన్నారు. నా లాప్‌టాప్‌లో మూడో సంవత్సరం హౌసింగ్ ప్రాజెక్టు ఉంది. కాలేజీలో మార్కులేసే జ్యూరీ మెచ్చుకున్న ప్రాజెక్టు. కొంచెం గర్వంగానే తెరిచాను. సాయంకాలపు వెలుగులో, బాల్కనీల్లో పిల్లలు ఆడుకుంటున్నట్టు కంప్యూటర్లో చేసిన రంగుల బొమ్మ, రెండర్. దాన్ని చూడనైనా చూడలేదు.

"మెట్ల సెక్షన్ పెట్టమ్మా."

పెట్టాను, మెట్లని నిలువునా కోస్తే ఎలా ఉంటాయో చూపించే బొమ్మ. శ్లాబు నుంచి శ్లాబుకి మూడు మీటర్లు. ఇరవై మెట్లు, ఒక్కోటి 150 మిల్లీమీటర్ల ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఇళ్ళకి 190 దాకా ఉండొచ్చని ఉన్నా, పెద్దవాళ్ళు సుఖంగా ఎక్కాలని 150 పెట్టానని అడక్కుండానే చెప్పుకున్నాను.

"మంచిదే. నేల మీద ఏం వేస్తున్నావు?"

"టైల్సండీ."

"టైలు, దాని కింద మాలు, బెడ్డు, అన్నీ కలిపి డెబ్బై అయిదు అనుకో. మెట్ల మీద గ్రానైటు, దాని మాలు కలిపి నలభై. ఇప్పుడు చెప్పు, పనంతా అయ్యాక నీ మొదటి మెట్టు ఎత్తెంత?"

లెక్క పెద్దదేం కాదు. మెట్టు నలభై పెరుగుతుంది, కింద నేల డెబ్బై అయిదు పెరుగుతుంది. 150కి నలభై కలిపి డెబ్బై అయిదు తీస్తే 115. "ఆఖరిదో?" అన్నారు. అక్కడ తిరగబడుతుంది. పై నేల డెబ్బై అయిదు లేస్తుంది, దాని కింది మెట్టు నలభయ్యే లేస్తుంది. 185. మధ్యలో పద్దెనిమిది మెట్లూ 150.

"కాలు మెట్లని లెక్కపెట్టదమ్మా, ఎత్తుకి అలవాటు పడుతుంది. పద్దెనిమిది మెట్లు ఒక్క తీరున ఎక్కాక ఆఖరుది మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువుంటే వేలు తన్నుకుంటుంది. దిగేటప్పుడైతే ఇంకా ప్రమాదం. నువ్వు పెద్దవాళ్ళ కోసమే 150 పెట్టానన్నావు. వాళ్ళు పడేది సరిగ్గా ఆ రెండు చోట్లే." ఒక కాగితం తీసుకుని గీసి చూపించారు. కాంక్రీటు పోసేటప్పుడే మొదటి మెట్టు 185, ఆఖరిది 115 వచ్చేలా పోయాలి. బండలు, టైల్సు పడ్డాక అన్నీ 150కి వచ్చి కూర్చుంటాయి.

మా జ్యూరీలో అయిదుగురు కూర్చున్నారు. ఆ ప్రాజెక్టు గురించి నన్ను ముప్పావుగంట ప్రశ్నలడిగారు. నా కాన్సెప్టు ఏమిటని అడిగారు, కమ్యూనిటీ అంటే నా ఉద్దేశం ఏమిటని అడిగారు. మొదటి మెట్టు ఎత్తెంత అని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఈ డ్రాయింగు సైటుకి పంపితే ఎన్ని ఫోన్లొస్తాయో తెలుసా?" అని నవ్వి, బీరువాలోంచి ఒక పొడుగు లెడ్జరు పుస్తకం తీసి మా ముందు పెట్టారు. కిరాణా కొట్లలో పద్దులు రాసే ఎర్ర అట్ట పుస్తకం. "గంటసేపు చదవండి. నేను రెండు మెయిల్స్ చూసుకుని వస్తా."

ఆ రోజు మొత్తంలో ఆ గంటే నాకు ఎక్కువ గుర్తుంది.

అది ఫోన్ల పుస్తకం. సైటు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఆఫీసులో ఎత్తినవాళ్ళు అందులో రాయాలి. నాలుగు గళ్ళు. తేదీ, సైటు. చేసినవాళ్ళు: మేస్త్రీ, సెంట్రింగ్, కరెంటు, ప్లంబరు, ఓనరు. ఏమడిగారు. నాలుగో గడి పైన "ఎక్కడ ఉండాల్సింది" అని రాసి ఉంది. అంటే ఆ ప్రశ్నకి జవాబు ఏ డ్రాయింగులో దొరికి ఉండాల్సింది అని. ఇంగ్లీషు, తెలుగు కలగలిపి, ఏడుగురి చేతిరాతల్లో.

ఒకటి గుర్తుంది: "వంటింటి కిటికీ మూడడుగుల ఆరంగుళాలు అన్నారు. నేల మీంచా, గట్టు మీంచా?" నాలుగో గడిలో, "కిచెన్ ఎలివేషన్. రాశాం. ప్లాన్‌లో రాయలేదు. మేస్త్రీ దగ్గర ప్లానే ఉంది." ఎలివేషన్ అంటే గోడని ఎదురుగా నిలబడి చూస్తే కనపడే బొమ్మ, ప్లాన్ అంటే పైనుంచి చూస్తే కనపడేది. ఇంకోటి: "బెడ్రూమ్ స్విచ్‌బోర్డు తలుపు వెనకాల పడుతోంది." తలుపు తెరుచుకునే వైపు మధ్యలో మార్చారు, కరెంటు డ్రాయింగులో మార్చడం మరిచిపోయారు. "పిల్లరు గుమ్మంలోకి నాలుగంగుళాలు వస్తోంది." ఇది స్ట్రక్చర్ ఇంజనీర్లు పిల్లరు సైజు పెంచి పంపిన కొత్త షీటుని ఆఫీసు ప్లాన్ మీద పెట్టి చూసుకోకపోవడం వల్ల. "బాత్రూమ్ నేల ఎంత దించాలి?" అన్న ప్రశ్న మూడు వేర్వేరు సైట్ల నుంచి, ఒకే నెలలో. ఆ మూడోదాని పక్కన ఎర్ర ఇంకుతో మేడం రాత: "ఇక నుంచి ప్రతి ప్లాన్‌లోనూ బాత్రూమ్ మధ్యలో ఎంత దించాలో అంకె వేయండి. సెక్షన్ ఎవరూ చూడరు."

సెక్షన్ ఎవరూ చూడరు! నాలుగేళ్ళుగా సెక్షనే బిల్డింగుకి ప్రాణమని మాకు నూరిపోశారు. నేను వాదించబోయాను. కిందటేడు పాసైన జూనియర్ ఆర్కిటెక్టు ఒకతను పక్కనే ఉన్నాడు. "సెక్షన్ మనకోసం గీసుకుంటాం. మేస్త్రీకి పనికొచ్చేది ప్లాన్ మీదికి మోసుకెళ్ళాలి" అన్నాడు. ఆ తేడా నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

అన్నీ ఇంత సీరియస్‌గా లేవులెండి. ఒక జూలై సాయంత్రం ఫోను: "మబ్బు పట్టింది, కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది. శ్లాబు వెయ్యమంటారా, ఆపమంటారా?" నాలుగో గడిలో ఎవరో రాశారు, "ఆకాశం."

పేజీలు తిప్పుతుంటే 2024 సెప్టెంబరు దగ్గర రాత మారింది. నాలుగైదు పేజీల్లో మేస్త్రీల ఫోన్లే లేవు. అన్నీ ఓనర్లవి, ఎప్పుడో పూర్తయిన ఇళ్ళవి. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగింది కదా. ఆ రోజుల్లో మా హాస్టల్లో విజయవాడ పిల్లలు ఇంటికి ఫోన్లు కలవక ఏడ్చారు. ఇక్కడ ఆ ఏడుపు నాలుగు గళ్ళలో సర్దుకుని ఉంది. "మీటర్లు సెల్లార్లో మునిగాయి, కరెంటు ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా?" "సంపులోకి వరద నీళ్ళు దిగాయి, మోటారు వెయ్యొచ్చా?" "లిఫ్టు గుంటలో నీళ్ళు." నాలుగో గడులన్నీ ఖాళీ. ఆఖరి పేజీ అడుగున మాత్రం మేడం రాత మళ్ళీ ఉంది. మీటరు బోర్డులు ఇక సెల్లార్ నేల మట్టంలో పెట్టకూడదు, మెట్ల మొదటి ల్యాండింగ్ దగ్గరకి ఎత్తాలి. సంపు మూత చుట్టూ గట్టు కట్టాలి. రోడ్డు మీంచి ఇంటి నేల ఎంత ఎత్తో రాసేటప్పుడు "ఏ రోడ్డు, ఏ తేదీన ఉన్న రోడ్డు" అని కూడా రాయాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేసుకుంటూ పోతారు, పదేళ్ళకి ఇల్లు గుంటలోకి దిగుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఇంటి ఫైలు మొత్తం పరిచి చూపించారు. రెండొందల గజాల స్థలం, తూర్పు ముఖం, కింద అమ్మానాన్నలు, పైన కొడుకు కుటుంబం. పర్మిషన్ కోసం పంపిన డ్రాయింగు ఒకే ఒక్క షీటు. కట్టడానికి ఇచ్చినవి నలభై పైచిలుకు. పర్మిషన్లు ఇప్పుడంతా ఆన్‌లైన్. డ్రాయింగుని ముందు సాఫ్ట్‌వేరే చదివి, ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 ప్రకారం చుట్టూ వదలాల్సిన ఖాళీ ఉందా, ఎత్తు సరిపోయిందా అని చూస్తుంది. ఫైల్లో గోడలకొక పొర, తలుపులకొక పొర చొప్పున లేయర్లుంటాయి, గీత వేయాల్సిన లేయర్లో వేయకపోతే దానికి గోడే కనపడదు. అది చూసే డ్రాఫ్ట్స్‌మన్, అదే మా ఇడ్లీల సాక్షి, "దీనికి అందం తెలీదండీ, లేయరు పేరే తెలుసు" అన్నాడు. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. చాలా విసుగు పని, ఎవరో ఒకరు చెయ్యాలి.

వాస్తు సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఫైల్లో ప్లాన్ ఏడుసార్లు మారింది. అందులో నాలుగు మార్పులు సిద్ధాంతి గారివి. మెట్లు ఈశాన్యంలో వద్దన్నారు, నైరుతికి జరిపారు. వంటిల్లు ఆగ్నేయానికి. సెప్టిక్ ట్యాంకు వాయవ్యానికి. కాలేజీలో మేం వాస్తు అనగానే నవ్వుతాం. క్లయింటుకి అర్థమయ్యేలా చెప్పి ఒప్పించాలి గానీ లొంగిపోకూడదని మా వాదన. అదే మేడంని అడిగాను.

"నువ్వు డిజైన్ మొదలుపెట్టేముందు స్థలంలో వేపచెట్టు ఉంటే ఏం చేస్తావ్?"

"దాన్ని ఉంచి చుట్టూ ప్లాన్ చేస్తాం."

"ఇదీ అంతే. మొదటి రోజే సిద్ధాంతి గారిని కూర్చోబెట్టుకుంటే చెట్టు. ఏడో షీటు దగ్గర ఆయనొస్తే గొడ్డలి." ఈ ఇంట్లో ఆలస్యంగా వచ్చారట, అందుకే నాలుగు మార్పులు. ఆ మార్పుల వల్ల పడమటి గోడకి కిటికీ వచ్చి పడింది. బెజవాడ మే నెల పడమటెండ ఆ గదిలోకి తిన్నగా కొడుతుంది. అక్కడ మాత్రం ఆవిడ పట్టు వదల్లేదు. దిక్కు మారకుండానే కిటికీని మూలకి జరిపి, పైనా పక్కనా లోతుగా కాంక్రీటు షేడు పెట్టించారు. ఆవిడ సమాధానం నాకు పూర్తిగా నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కానీ నా దగ్గర అంతకంటే మెరుగైన సమాధానమూ లేదు.

మూడింటికి పోరంకి సైటుకి వెళ్ళాం. అయిదంతస్తుల అపార్టుమెంటు, రెండో శ్లాబు మర్నాడు పోస్తారు. ఇనుము పరిచి ఉంది, చెకింగుకి మేడం వెళ్తున్నారు, మమ్మల్నీ రమ్మన్నారు. సెంట్రింగు చెక్కల మీద, రాడ్ల మధ్య కాళ్ళు పెట్టుకుంటూ నడవడం మా ఎనిమిది మందిలో ఎవరికీ రాదు. కింద నిలబడ్డ ఒడిశా కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు.

అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. మేస్త్రీ గారు పక్క స్థలం చూపిస్తూ "అక్కడ ఇంకా బేస్‌మట్టం కూడా లేవలేదండీ" అన్నారు. నేను "ఓ, ఆ బిల్డింగుకి అండర్‌గ్రౌండ్ పార్కింగు ఉందా? ఇక్కడ తవ్వితే నీళ్ళు పడవా?" అని అడిగాను. ఆయన అయోమయంగా చూశారు. ఇక్కడ బేస్‌మట్టం అంటే నేల కింది అంతస్తు కాదని, నేల మీదికి లేచే పునాది గట్టు అని, మా పుస్తకాల్లో ప్లింత్ అనేదే ఇదని అప్పుడు తెలిసింది. ఇంగ్లీషు బేస్‌మెంట్ మేస్త్రీల నోట్లో పడి, చివర్లో మన మట్టం వచ్చి చేరినట్టుంది. పుస్తకం మాట కంటే ఇదే బాగుంది. రోజూ పేపర్లో "ఇళ్ళు బేస్‌మట్టం స్థాయిలో ఉన్నాయి" అని వస్తుంటే చదువుతూనే ఉన్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

మేడం బీము దగ్గర వంగి రింగులు చూస్తున్నారు. బీములో పొడుగు రాడ్లని చుట్టి పట్టుకునే చిన్న రాడ్లని సైట్లో రింగులంటారు. రింగు కొస లోపలికి 135 డిగ్రీలు వంగి కాంక్రీటు మధ్యలోకి పోవాలి. ఒక వరసలో కొసలు 90కే వంచి వదిలేశారు. విజయవాడ అప్పటి భూకంపాల మ్యాపులో మూడో జోన్, అంటే ఓ మాదిరి ప్రమాదం ఉన్న చోటు. ఊగినప్పుడు పై కాంక్రీటు రాలితే 90 డిగ్రీల కొస విడిపోతుంది, 135ది పట్టుకుని ఉంటుంది. ఇదంతా మేడం అక్కడ చెప్పలేదు. మేస్త్రీ గారి వైపు చూసి "ఇవి ఎవరు కట్టారు?" అన్నారంతే. ఆయన రాడ్ బెండింగు కుర్రాడిని పిలిచారు. కుర్రాడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. రాత్రి లైట్లు పెట్టుకుని ఆ వరస మొత్తం మార్చారని మర్నాడు జూనియర్ ఆర్కిటెక్టు మెసేజ్ పెట్టాడు.

నేను మాత్రం మేస్త్రీ గారి జేబు చూస్తున్నాను. ఆఫీసు పంపిన డ్రాయింగుని ఆయన మడిచి, మడిచి, ఆ రోజుకి పనికొచ్చే ముక్క పైకి వచ్చేలా పెట్టుకుని పాలిథీన్ కవర్లో వేసుకున్నారు. ఆ ముక్క మీద పెన్సిలుతో అంగుళాలు. 230 పక్కన తొమ్మిది, 115 పక్కన నాలుగున్నర. మా షీట్లలో మేం ఎంతో ఆలోచించి పెట్టే టైటిలు, నార్త్ ఆరో, చెట్ల బొమ్మలు, అన్నీ మడతల లోపల ఉన్నాయి. అందుకే ఈ ఆఫీసు సైటుకి పెద్ద ఏ1 షీటుతో పాటు గదికొకటి చొప్పున చిన్న ఏ3 కాగితాలు పంపుతుంది. ఒకదాని మీద తెలుగులో "ఇక్కడ గోడ ముందు కట్టొద్దు, పైపు వెళ్ళాక కట్టండి" అని ఉంది. డ్రాయింగు మీద తెలుగు చూడడం నాకదే మొదటిసారి. మా షీట్లలో అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. మొదట కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే.

తిరిగొచ్చాక టీ తాగుతూ మావాళ్ళు డబ్బుల సంగతి ఎత్తారు. ఫీజు దశలవారీగా వస్తుందని, పర్మిషన్ రాగానే "ప్లాన్ వచ్చేసిందిగా" అని మాయమయ్యే ఓనర్లు ఉంటారని, ప్లాన్ గీయడానికి ఎంత అని గజాల లెక్కన బేరమాడతారని మేడం చెప్పారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరు కానివాళ్ళు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. ప్లాన్లు మాత్రం వీధికి నలుగురు గీస్తున్నారు. ట్రైనీలకి స్టైపెండ్ ఇస్తారా అని ఒకడు ధైర్యం చేసి అడిగాడు. ఇస్తామన్నారు. మా సీనియర్లలో ఒకమ్మాయి వేరే ఊళ్ళో ఒక ఆఫీసులో సెమిస్టరంతా పైసా లేకుండా రాత్రి పదింటిదాకా రెండర్లు చేసింది. ఆ కథ తెలిసినవాళ్ళం కాబట్టి ఈ జవాబుకి అందరి మొహాలూ వెలిగాయి.

కాలేజీలో రిపోర్టు పన్నెండు పేజీలు ఇచ్చాను. ఫోన్ల పుస్తకం గురించి రాసిన రెండు పేజీల పక్కన మా సార్ టిక్కు పెట్టారు. హైదరాబాద్ బ్యాచ్ రిపోర్టులో ఫొటోలు బాగున్నాయి.

ఇక్కడితో అయిపోవాల్సింది. మేలో గుంటూరు లక్ష్మీపురంలో మా పెదనాన్న ఇంటి మీద పై అంతస్తు మొదలుపెట్టారు. ఇంజనీరు ఉన్నాడు, డ్రాయింగులు అతనే ఇచ్చాడు. బయటి వైపు మెట్లు మాత్రం "మనింట్లోనే ఆర్కిటెక్టు ఉందిగా" అని నా మీద పడ్డాయి. ఇనుము లెక్క ఇంజనీరుదే, మెట్ల కొలతలు నావి. మూడు రోజులు కూర్చున్నాను. ఏ3 కాగితం మీద ప్లాన్, సెక్షన్, మిల్లీమీటర్ల పక్కన అంగుళాలు. మేస్త్రీ ఏమడుగుతాడో ముందే ఊహించి ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదానికి డ్రాయింగులో జవాబు ఉందో లేదో చూసుకున్నాను. మొదటి మెట్టు ఏడుంపావు అంగుళాలు, ఆఖరిది నాలుగున్నర, మధ్యవన్నీ ఆరు. మేడం దగ్గర నేర్చుకున్న లెక్క అచ్చుగుద్దినట్టు దింపాను. ఒక్క ఫోనూ రాదనుకున్నాను.

సోమవారం పొద్దున్న ఏడు కాకముందే ఫోను.

"పాపగారూ, మెట్లకి సెంట్రింగు కొట్టిస్తున్నానండీ. ఈ కాయితంలో కింద మెట్టు ఏడుంపావు, పైది నాలుగున్నర రాశారు. మీకు చెయ్యి జారుంటదని అన్నీ ఆరే పెట్టించేస్తున్నా."

"ఆపండి మేస్త్రీ గారూ! చెయ్యి జారలేదండీ. అది కావాలనే రాశాను."

"కావాలని మెట్లు ఎచ్చుతగ్గులు పెడతారేంటండీ?"

ఫోన్లోనే చెప్పాను. కింద టైల్సు పడితే నేల లేస్తుంది, మెట్ల మీద గ్రానైటు అంత లేవదు, అందుకని. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నట్టున్నారు.

"ఓహో. మేం మామూలుగా కింద మెట్టు దగ్గర టైలు బెడ్డు తగ్గించి సరిపెడతామండీ. ఇది నయమే. కానీ ఆ ముక్క కాయితం మీదే రాసుంటే పోయేదిగా పాపగారూ?"

పెదనాన్న స్కూటర్ వేసుకుని వెళ్ళాను. పై మెట్టు చెక్క విప్పి మళ్ళీ కొడుతున్నారు. నా డ్రాయింగు అప్పటికే నాలుగు మడతలై ఆయన జేబులో ఉంది. తీసి చూపించమన్నాను. మెట్ల సెక్షన్ పక్కన ఆయన పెన్సిలుతో రాసుకున్నారు: "బండ పడ్డాక సమానం."

నేను ఇంగ్లీషులో ఆరు నోట్సు పెట్టాను ఆ షీటు మీద. ఆ మూడు మాటలు వాటిలో లేవు. సాయంత్రం ఇంటికెళ్ళి షీటు మళ్ళీ తెరిచి, ఆయన రాసిందే రాసినట్టు, తెలుగులోనే, మొదటి మెట్టు పక్కన ఒకసారి, ఆఖరి మెట్టు పక్కన ఇంకోసారి టైపు చేశాను.